నీలి చవుడు

"తొమ్మిదోది గూడా పోయిందమ్మా," అన్నాడు మారప్ప.

అంగడి మెట్టు మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మని నాగవేణి రెండుసార్లు పిలిచినా కదల్లేదు. తలగుడ్డ విప్పి మోకాళ్ల మీద వేసుకుని, టమోటా మార్కెట్టుకు పోతున్న ఆటోల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. కురబలకోట నుంచి మొదటి బస్సుకే మదనపల్లె చేరినట్టున్నాడు. కాళ్లకు దొడ్డిలోని ఎరువు ఇంకా అంటుకునే ఉంది.

"ఏది నాయనా?"

"సుక్కల గొర్రె. మూడో ఈత. పొదుగులో పాలు అట్లనే ఉండాయి. తల్లి సల్లబడింది తెలీక పిల్ల పోయి కుడస్తాండాది. నేనే దాన్ని పీకి పక్కన పెట్టినా."

నాగవేణి చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. ఆమె ముందు ఒక సిపియు మూత తీసి ఉంది. బెంగళూరులో ఏదో కంపెనీ కొత్తవి కొనుక్కుని, పాతవన్నీ ఒకే లాటుగా అమ్మేసింది. అటువంటివి మూడు విప్పితే ఒకటి లేస్తుంది. ఒకదాని బోర్డు, ఇంకొకదాని డిస్కు, మూడోదాని ఫ్యాను. అట్లా లేపినవి ఇరవై రెండు, గోడ వారన టమోటా క్రేట్లలో వరిగడ్డి మధ్య సర్ది ఉన్నాయి. మర్నాడు వ్యాను వస్తుంది. కుప్పంలో ఒక కాలేజీవాళ్లు వాటికోసం రోజూ ఫోను చేస్తున్నారు.

వాటిలో పద్నాలుగు నాగవేణి చేతిమీదుగా లేచినవే. ఊరి బళ్లో పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, మొగుడు జనార్దన్ పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకుంది. స్విచ్చి వేయగానే లోపలి నుంచి వచ్చే శబ్దం విని, దేనికి ఏం లోపమో చెప్పగలదు. ఈ వారం రోజుల్లో తండ్రి గొర్రెలకు ఏం లోపమో మాత్రం చెప్పలేకపోయింది. చెప్పలేకపోయిందో, చెప్పుకోవడానికి భయపడిందో, అది ఆమెకే తెలియాలి.

మొదటి గొర్రె పడిపోయినప్పుడు ఎండదెబ్బ అనుకున్నారు. మూడోది పోయినప్పుడు దిష్టి అన్నారు. ఆరోది పోయిన తర్వాత ఎవరూ ఏమీ అనడం మానేశారు.

యశోదమ్మ లోపలి నుంచి కాఫీ తెచ్చింది. మారప్పకు ఆమె సొంత చెల్లెలు, నాగవేణికి అత్త. మేనల్లుడికే కూతుర్నిచ్చాడు మారప్ప.

"తాగన్నా. పొద్దన్నే ఏమన్నా తిన్నావో లేదో."

"ఆడ దొడ్డి ముందర పీనుగుల్ని పెట్టుకోని ఈడ కాఫీ ఎట్ల దిగతాదమ్మా?"

"అయితే ఏం, నువ్వు గూడా పడిపోతావా వాటి పక్కన? తాగు."

మారప్ప గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు. గ్లాసులో చూస్తూ, "పాపా," అన్నాడు, "నీ కంప్యూటర్లో సూడమ్మా."

"ఏం సూడాల నాయనా?"

"దాంట్లో అన్నీ ఉంటాయంట గదా. రోగం సెప్తే మందు సెప్తాదంట. పశువులాస్పత్రి డాక్టరమ్మ నిన్న మీటింగుకు పోయిండాది. ఈపొద్దు దొడ్డి తావకే వస్తానని కాంపౌండరుతో సెప్పి పంపించింది. అంతలోపల నువ్వొకసారి సూడు. ఫోను లైనుకు దుడ్లయితే నేనిస్తా."

"నా తావ దుడ్ల మాట ఎత్తుతావా నాయనా?"

"నీది కాదు గదమ్మా అంగడి. అల్లుడిది."

ఆ మాటకు సరిగ్గా జనార్దన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "గొర్రెల జబ్బులు దాంట్లో యాడుంటాయి మామా! అదంతా దొరల దేశం సంగతులు. డాక్టరమ్మ వస్తాదిలే, సూది వేస్తాది."

నాగవేణి మొగుడి వైపు చూసింది. అంత తొందరగా ఎప్పుడూ జవాబు చెప్పే మనిషి కాదు అతను.

"సూస్తే ఏం పోయింది బావా?" అని, మూలనున్న మానిటర్ ముందు కూర్చుంది. ఫోను తీగ పీకి మోడెముకు తగిలించింది. అది గీమంటూ అరిచి అరిచి, చివరికి కలిసింది. మారప్ప మెట్టు దిగి, చెప్పులు అక్కడే వదిలి, లోపలికి వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు.

"ముందు ఏమయితాది నాయనా?"

"మేత మానేస్తాది. పండ్లు కొరకతాది. నొప్పికి మనిషి మాదిరి ఒంగిపోతాది. ఆపైన పచ్చగా పారుకుంటాది. పచ్చంటే కసువు పచ్చ కాదమ్మా, నెమలీక మాదిరి పచ్చ."

నాగవేణి వేళ్లు ఆగాయి.

"ఆ తర్వాత?"

"కండ్లు పసుపు తిరగతాయి. ఎర్రగా ఉచ్చ పోస్తాది. కాఫీ డికాషను మాదిరి. అది సూసినానంటే ఇంక ఆ జీవం మీద ఆశ వదులుకుంటా."

ఆమె తనకు తెలిసిన ఇంగ్లీషులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. గొర్రె, ఎర్ర ఉచ్చ, చావు. తెర మీద అక్షరాలు పైనుంచి కిందికి మెల్లగా దిగాయి. వాక్యాలు ఆమెకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఒక మాట ప్రతి వరసలోనూ కనబడుతూ ఉంది. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. నాయన చేను మూలనున్న తమ షెడ్డులో గోతాల మీద సుద్దముక్కతో ఆమె తన చేత్తో రాసే మాటే అది. కాపర్. రాగి.

గొర్రె రాగికి తట్టుకోలేదని రాసి ఉన్నట్టుంది. మిగతా పశువులు ఓర్చుకునేదాన్ని అది ఓర్చుకోలేదట.

భుజం మీదుగా జనార్దన్ కూడా చదివాడు. అతని ఊపిరి ఆమె చెవికి తగిలింది.

"నీలినాలుక, మామా," అన్నాడు గట్టిగా. "అదే అని రాసిండాది. దానికి సూదులుండాయి. భయం లేదు."

మారప్ప తల అడ్డంగా ఊపాడు. "నీలినాలుక నాకు తెలీదా అల్లుడా? పక్కూరి మందంతా పోయినేడు దాంతోనే పోయింది. మూతి వాస్తాది. నాలుక బయట పడతాది. గిట్టలు నొచ్చి కుంటతాది. వీటికి మూతులు బాగుండాయి. ఆ మిషను తప్పు సెప్తాండాది."

"మేత ఏమన్నా మార్చినావా నాయనా?" అని అడిగింది నాగవేణి.

"ఏం మార్చల్యా. ఇంకా బాగానే సూసుకుంటాండా. ఈ ఏడు దేవుడు ఇంటి తావే సౌడు ఇచ్చినాడు గదా!"

"యాడ?"

"మీ షెడ్డెనకాలే. ఆ గుంతలో."

ఎండాకాలంలో కొన్ని చోట్ల నేల మీద ఉప్పులాగా తెల్లటి మన్ను పొంగుతుంది. అదే చవుడు. గొర్రెలు దాన్ని నాలుకతో నాకుతాయి. నాకితే బాగా నీళ్లు తాగుతాయి, తిన్నది అరుగుతుంది, బొచ్చు నిగనిగలాడుతుందని కాపరుల నమ్మకం. దానికోసం మారప్ప ఏటా తంబళ్లపల్లె దావలో నాలుగు మైళ్లు మందను నడిపించేవాడు.

"మొదట్లో తెల్లగా ఉండె. ఇప్పుడు కొంచెం నీలంగా పొంగతాండాది. ఎంత ఆశగా నాకతాయంటావు! నీరసపడినవాటిని గూడా ఆడికే తోలుతాండా, కడుపు కడుక్కుంటాదని. మందను పది గంటలకు ఆడికే తోలమని మీయమ్మకు సెప్పొచ్చినా."

గోడ మీది గడియారంలో ఎనిమిదిన్నర.

నాగవేణి లేచింది. "కాఫీ చల్లారిపోయిండాది. మళ్లీ వెచ్చ చేసి తెస్తా," అని గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. వెనకే జనార్దన్ వచ్చాడు.

"విన్నావా?" అంది ఆమె.

"మెల్లగా మాట్లాడు."

"విన్నావా అంటాండా."

"విన్నా. నాకేమన్నా చెవుడా?"

పనికి రాని బోర్డుల్ని యాసిడ్‌లో వేస్తే పూత బంగారం, రాగి విడిపోతాయని చెప్పింది పుంగనూరు దినేష్. యాసిడ్ క్యాన్లు తెచ్చేదీ, విడిపోయింది కొనుక్కుపోయేదీ అతనే. ఊళ్లో వాసన వస్తుందని మారప్ప చేను మూలలో రేకుల షెడ్డు వేశారు. అల్లుడి పని కదా అని మారప్ప స్థలం ఊరికే ఇచ్చాడు. కడిగిన నీళ్లు షెడ్డు వెనక గుంతలో పోసేవాళ్లు. ఎండకు గుంత ఎండింది. ఎండి, పొంగింది.

"నెల కిందట నీకు చెప్పినా బావా. అంచులన్నీ నీలంగా తేలతాండాయి, కంచె వేద్దామంటి."

"కంచె వేస్తే ఎందుకని మీ నాయన అడగడా? అడిగితే ఏం చెప్తామని నేనంటే నువ్వూ గమ్మునుంటివి గదా! ఈపొద్దు నా ఒక్కడి మీదకి తోస్తావా?"

ఆమె అగ్గిపెట్టె అందుకుంది. గ్యాసు పొయ్యి వెలిగించడానికి పోతే అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది.

"విను," అన్నాడు జనార్దన్. అతని గొంతు మెత్తబడింది. "నేనిప్పుడే బండి మీద పోతా. గుంత పూడ్చేస్తా. ఇంక జీవాలు నాకేదానికి ఏముంటాది? మామకు పది జీవాలు నేనే కొనిస్తా. పోయినవి ఎందుకు పోయినాయో తెలిసి ఆయన ఏం చేసుకుంటాడు? తెలిస్తే తిరిగొస్తాయా?"

"డాక్టరమ్మ అడిగితే?"

"ఆమెకు తెలిస్తే కాగితం రాస్తాది. కాగితం రాస్తే పోలీసులొస్తారు, షెడ్డుకు తాళం పడతాది. రేపు పోవాల్సిన మానిటర్లన్నీ ఆడనే ఉండాయి. కుప్పం వాళ్లు వేరే వాడిని చూసుకుంటారు. రెండేండ్లు కష్టపడినాము వేణీ. నువ్వూ పడినావు."

"పడినా. రెండు బకెట్లు నేను గూడా పోసినా ఆ గుంతలో. అది మరిచిపోతానా?"

గుమ్మంలో యశోదమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. చక్కెర డబ్బా కోసం వచ్చిన మనిషి దాని వైపు కూడా చూడలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అన్న జీవాలను మీరే సంపినారా?" అంది.

"అత్తా, నువ్వన్నా చెప్పు బావకు. నాయనకు ఉన్నదున్నట్టు చెప్పేద్దాం."

యశోదమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతులో మాత్రం తడి లేదు.

"మా నాయన గొర్రెల ఎనక తిరిగి తిరిగి, కాళ్లు పుండ్లు పడి సచ్చినాడు. మా అన్న గూడా అట్లనే పోతాడు. నా కొడుకొక్కడు నీడపట్టున కూసోని బతకతాండాడు. మందంటావా, నాలుగు నెలలు ఏడ్చి మా అన్న మళ్లీ కట్టుకుంటాడు. అంగడి పోతే వీడు లేస్తాడా? నీ సంసారం ఇప్పుడు నీ నోట్లో ఉండాది నాగవేణీ. మింగు."

"ఆయన నీ సొంతన్న, అత్తా."

"అందుకే ఏడస్తాండా. కనబడల్యా?"

బయట మారప్ప దగ్గాడు. ముగ్గురూ ఒక్కసారిగా మాట ఆపారు.

"ముందు మందను ఆపు," అంది నాగవేణి మొగుడితో. "అమ్మ పదికి తోలుతాది. అంతలోపల నువ్వాడ ఉండాల. ఆపుతావా?"

"ఆపుతా. నువ్వు?"

ఆమె పొయ్యి వైపు తిరిగింది.

"నువ్వేం చెప్తావు ఆయనకు? అది తేల్చు."

"ఏమీ చెప్పనులే. పో."

బండి శబ్దం సందు దాటే దాకా ఆమె వంటింట్లోనే ఉంది. తర్వాత వెచ్చ చేసిన కాఫీ తీసుకుని బయటికి వచ్చింది.

"దొరికిందా పాపా?" అన్నాడు మారప్ప.

"ఇంగ్లీషులో ఉండాది నాయనా. సరిగా అర్థం కాలేదు."

మారప్ప ఆమె కంటే ముందు తనే చిన్నబోయాడు. "పోనీలేమ్మా. నువ్వు మాత్రం ఏం సేస్తావు? నేనే పైకి సదివించల్యా. నా కాలం అట్లుండె." కాఫీ గటగటా తాగేసి, గ్లాసు చెల్లెలి చేతికిచ్చాడు. యశోదమ్మ దాన్ని అన్న కళ్లలోకి చూడకుండా అందుకుంది.

నాగవేణి కూడా తండ్రితో బస్సెక్కింది. ఎందుకని ఆయన అడగలేదు. కష్టంలో కూతురు వెంట రావడం ఆయనకు మామూలు సంగతే. కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, దారి పొడుగునా ఎవరో ఒకరితో చెబుతూనే ఉన్నాడు.

"మా అల్లుడు బండెత్తుకోని ముందే పోయినాడప్పా. నా జీవాలు పోతాండాయంటే అంగడి వదిలేసి పోయినాడు. కడుపున పుట్టినోడు గూడా అంత సెయ్యడు."

ముందు సీటు ఆమె వెనక్కి తిరిగి, "అదృష్టమంతుడివప్పా," అంది.

నాగవేణి కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుంది. ఎండకు అది కాలుతూ ఉంది. అయినా చేయి తీయలేదు.

వాళ్లు చేను చేరేటప్పటికి పది దాటి పది నిమిషాలైంది. మంద దొడ్డి దగ్గరే ఉంది. ఆ మాత్రం ఊపిరి పీల్చుకుంది నాగవేణి. జనార్దన్ షెడ్డు వెనక పార ఆనించుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. ఇటుకల బట్టీ నుంచి పిలుచుకొచ్చిన ఇద్దరు మనుషులు తట్టలు దులుపుకుంటున్నారు. మంచమంత గుంత ఉండిన చోట పచ్చి ఎర్రమన్ను చదునుగా పరిచి ఉంది.

మారప్ప నిలబడిపోయాడు.

"ఏంది అల్లుడా ఇది?"

"నాగుపాము మామా. ఇంత లావు. గుంతలోకి దూరింది. జీవాలొస్తాయి గదా అని పూడ్చేసినా."

"పాము అయితే కొడతారు గదప్పా," అన్నాడు మారప్ప నెమ్మదిగా. "పూడుస్తారా యాడన్నా?"

"కొడదామంటే దొరకల్యా."

మారప్ప గుంత చుట్టూ నడిచాడు. తొందరలో ఒక మూల సరిగా కప్పలేదు. అక్కడ అరచేయంత నీలి పెడ్డ ఒకటి బయటికి కనబడుతూ ఉంది. వంగి దాన్ని తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. చవుడు మంచిదో కాదో తెలుసుకోవడానికి కాపరులు చేసే పనే చేయబోయాడు. చిటికెడు తీసి నాలుక దగ్గరికి పెట్టుకున్నాడు.

"వద్దు నాయనా!"

నాగవేణి ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలియదు. తండ్రి మణికట్టు మీద గట్టిగా కొట్టింది. పెడ్డ ఎగిరి ఎర్రమన్ను మీద పడింది. ఆమె తన పమిటతో ఆయన వేళ్లు ఒక్కొక్కటే తుడుస్తూ ఉంది. తుడుస్తూ ఏడుస్తూ ఉంది.

మారప్ప చేయి లాక్కోలేదు. తుడవనిచ్చాడు. అంతా అయ్యాక అన్నాడు.

"నీకు తెలుసు."

ఆమె తల ఊపింది.

"ఈపొద్దు ఆ మిషన్లో సూసి తెలుసుకున్నావా?"

అవునంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. జనార్దన్ కళ్లు ఆమెను అదే వేడుకుంటున్నాయి.

"రాగి విషమని ఈపొద్దే సూసినా," అంది. "కానీ ఈ నీలం పొంగింది నెల కిందటే సూసినా నాయనా. అంతా యాసిడ్ నీళ్లే అని తెలుసు. నీకు చెప్పాలనుకున్నా. చెప్పల్యా."

"నెల," అన్నాడు మారప్ప. ఆ మాటను కొలుస్తున్నట్టు మళ్లీ అన్నాడు. "నెల కిందట సుక్కల గొర్రె ఇంకా ఈనల్యా."

"నాయనా..."

"నేనే తోలినా గదమ్మా. ఈ సేతులతో. పోనంటా ఎనక్కి తిరిగినదాన్ని గూడా సెవి పట్టుకోని ఈడ్చినా, నాకి సూడవే, నీకు మంచిదని."

జనార్దన్ ముందుకు వచ్చాడు. "మామా, నా మాట విను. తొమ్మిదికి పది నేను కొనిస్తా. మంచి నెల్లూరు జాతివి."

మారప్ప అల్లుడి వైపు చూడలేదు. దొడ్డి వైపు తిరిగి, పెళ్లాన్ని కేకేశాడు. "కుప్పమ్మా! మదనపల్లె నుంచి సుట్టాలొచ్చినారు. నీళ్లు తీసుకురా తాగడానికి."

సొంత కూతుర్ని ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నాగవేణి పమిట చెంగు చేతిలో అట్లాగే ఉండిపోయింది. దాని మీద నీలం మరక.

అప్పుడే చేను గట్టు మీద స్కూటీ ఆగింది. పశువుల డాక్టరమ్మ అమరావతి దిగి, పెట్టె తీసుకుని నేరుగా దొడ్డిలోకి పోయింది. పడిపోయిన గొర్రె కన్ను తెరిచి చూసింది. చచ్చిన దాని తోలు పక్కకు లాగి చూసింది. తర్వాత వాళ్ల దగ్గరికి వచ్చి, ఎర్రమన్ను వైపు, దాని మీద పడిన నీలి పెడ్డ వైపు చూసింది.

"ఇక్కడ ఏం పోశారు?"

"వానలకు కొట్టుకొచ్చిన చెత్త, మేడమ్," అన్నాడు జనార్దన్.

"నీలంగా ఉండే చెత్తా? పెద్దాయనా, మీరు చెప్పండి. నేను రిపోర్టు రాయాలి. ఈ మన్ను ల్యాబుకు పంపాలంటే ఇక్కడ ఎవరు, ఏం పోశారో రాయాల్సిందే."

మారప్ప నేల చూపులు చూస్తున్నాడు.

"యాసిడ్, మేడమ్," అంది నాగవేణి. "కంప్యూటర్ బోర్డులు కడిగిన యాసిడ్. ముందు నా పేరు రాసుకోండి."

"నాగవేణీ!" అన్నాడు జనార్దన్. అరుపు కాదది. ఏదో పడిపోతుంటే పట్టుకోబోయిన మనిషి గొంతు.

"నాగవేణి, కంప్యూటర్ అంగడి, మదనపల్లె. రెండు బకెట్లు నా చేత్తోనే పోసినా. రాసుకోండి."

డాక్టరమ్మ పెన్ను తీసి కాగితం మీద పెట్టింది. మొదటి అక్షరం రాసే లోపల మారప్ప చేయి వచ్చి ఆ కాగితాన్ని కప్పేసింది.

"వద్దు తల్లీ," అన్నాడు. "జీవాలు నావి. నేను ఎవరినీ నష్టం అడగను. ఎండకు పోయినాయని రాసేయమ్మా."

"నాయనా, నువ్వు పక్కకు జరుగు."

"నువ్వు గమ్మునుండు! నోరు తెరవాల్సిన నాడు తెరవక, ఈపొద్దు తెరుస్తావా? పోలీసులొచ్చి నిన్ను తీసుకుపోతే, తొమ్మిది గొర్రెలకని నేనే నిన్ను అప్పజెప్పినట్టు గాదా?"

"ఎండకు పోయాయని నేను రాయలేను పెద్దాయనా," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "మీ గొర్రెల సంగతి మీ ఇష్టం. ఈ మన్ను సంగతి మీ ఒక్కరిది కాదు."

ఇటుకల బట్టీ మనుషులు పారలు తీసుకుని మెల్లగా గట్టెక్కి పోయారు. కాగితం మీద మారప్ప చేయి, చేతి కింద పెన్ను అట్లాగే ఉన్నాయి.

కుప్పమ్మ అప్పుడు వచ్చింది. పొద్దుటి నుంచి దొడ్డి వెనక, తల్లి పోయిన పిల్లను వేరే గొర్రెకు అలవాటు చేసే పనిలో ఉన్నదేమో, ఇక్కడ జరిగిందేదీ ఆమెకు తెలియదు. చేతిలో నిండు చెంబు. కూతుర్ని చూసి నవ్వబోయి, డాక్టరమ్మను చూసి ముందు ఆమె వైపే తిరిగింది.

"ఎండలో పడొచ్చినావు తల్లీ. ముందు దప్పిక తీర్చుకో."

డాక్టరమ్మ చెంబు అందుకుంది. నోటి దాకా ఎత్తింది. ఎత్తిన చెంబు అక్కడే ఆగింది.

"ఈ నీళ్లు ఎక్కడివమ్మా?"

కుప్పమ్మ చేయి చూపింది. షెడ్డు కింద నేల పల్లంగా దిగుతుంది. ఆ పల్లంలో అరవై అడుగుల దూరంలో చేదబావి. ఇద్దరు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని చేదుకుంటున్నారు.

నాగవేణి ఆ బావిని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది. షెడ్డు నుంచి బావికి నేల అంత వాలుగా ఉందని ఆమె కంటికి ఇప్పుడే కనబడింది.

డాక్టరమ్మ చెంబు దించి, ఒక్క చుక్క కూడా ఒలకకుండా, కింద పెట్టింది.

కుప్పమ్మకు మనసు కష్టమైంది. "యాల తల్లీ, తాగవా?" అంది. "బోరు నీళ్లు కాదమ్మా ఇవి, తీపి నీళ్లు. ఊరంతా ఈ బాయివే తాగతాండారు."